ఇంటర్నెట్టు వంతులాయన

ఆ ఊళ్ళో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దలు వంతులాయన అంటారు, పిల్లలు వంతుల మామయ్య అంటారు, కోపం వచ్చినప్పుడు మాత్రం ఎవరికి తోచింది వాళ్ళు అంటారు. ముప్పై ఏళ్ళుగా అతని పని ఒక్కటే. ఊరికి ఎగువన, రోడ్డు ఇక నావల్ల కాదని ఆగిపోయిన చోట, ఒక పంపు గది ఉంది. అందులో అయిదు వాల్వులు. ఊళ్ళో అయిదు వీధులు. వీధికో గంట మంచినీళ్ళు. మెడలో ఈల, చేతికి గడియారం. ఒకసారి ఈల ఊదితే నీళ్ళు వదిలినట్టు, రెండుసార్లు ఊదితే కట్టేసినట్టు. రెండో ఈల తర్వాత బిందె నిండిందా లేదా అన్నది బిందె గలవాళ్ళ తలనొప్పి.

మనిషి నిప్పు. ఈ మాట ఊరంతా అంటుంది, నేనూ కాదనను. కాకపోతే నిప్పుతో కాపురం ఎలా ఉంటుందని అతని భార్యని ఎవరూ అడగలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆమె పుట్టింటి నుంచి పదిమంది ఒకేసారి దిగారు. వాళ్ళిల్లు మధ్య వీధిలో. వంతు అయిపోవస్తోంది, బిందెలు సగం కూడా నిండలేదు. ఆమె చెప్పులైనా వేసుకోకుండా పంపు గదికి పరిగెత్తుకొచ్చి, "ఒక్క పది నిమిషాలు ఉంచండీ," అంది. అతను గడియారం చూసుకున్నాడు, వాల్వు కట్టేశాడు, ఆమె మొహం మీదే రెండుసార్లు ఈల ఊదాడు. ఆ కథని ఊరు ఇప్పటికీ కొత్తవాళ్ళకి చెప్పి మురిసిపోతుంది. "సొంత పెళ్ళానికే ఇవ్వలేదండీ మా వంతులాయన!" ఆ రోజు ఆమె ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు అడిగి తెచ్చుకుంది. ఆ తర్వాత అతన్ని ఏదీ అడగలేదు. తన ఉద్యోగం ఎలాంటిదో ఆమెకి అర్థమైందని అతను సంతోషించాడు.

ఆమె టైలరు. ఇంటి ముందుగదిలో కాలితో తొక్కే మిషను, కిటికీ పక్కన కత్తిరించిన గుడ్డల గుట్ట, మేకుకి వేలాడే టేపు. ఊళ్ళో బడి యూనిఫారాలన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఒకసారి కాలేజీలో చదివే అమ్మాయి గౌను అంచు మడిపించుకోవడానికి వచ్చి, కూర్చున్నంతసేపూ ఫోన్లో ఏదో ఆట ఆడుతూ, "మీరూ ఒకసారి చూడండి పిన్నీ," అని చేతిలో పెట్టింది. నలుగురేసి జట్టు కట్టి, కూలిపోయిన ఊళ్ళలో దాక్కుని, అవతలి జట్టుని తుపాకులతో పేల్చే ఆట. పిన్ని మొదటి గుండుకే దూరాన మేడ మీద, కిటికీ సందులో కనీ కనిపించకుండా నిలబడ్డవాణ్ణి పడగొట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళు సూదిలో దారం ఎక్కించిన కళ్ళు మరి. ఆ అమ్మాయి గౌను సంగతే మరిచిపోయింది.

ఆటలో ఆమె పెట్టుకున్న పేరు సూది. చిక్కల్లా సిగ్నలుతోనే వచ్చింది. నీళ్ళ ట్యాంకుకి ఉన్న మెట్లలో తొమ్మిదో మెట్టు మీద ఒక గీత, పదో మెట్టు మీద రెండు గీతలు, పదకొండో మెట్టు మీద ఏమీ లేదు. ఆమె పదో మెట్టు మీద కూర్చుని ఆడేది. ఇక్కడ నొక్కింది అక్కడ పేలేసరికి, అవతలివాడు నింపాదిగా చుట్టు తిరిగి వచ్చి ఈమెనే కాల్చి పోయేవాడు. "ఈ వయసులో నీకిదేం పిచ్చే?" అన్నాడు వంతులాయన. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ ఎక్కింది.

అలాంటి ఊరికి ఇంటర్నెట్టు కేబులు వచ్చింది. చిట్టచివరి ఊళ్ళకి కూడా ఇచ్చి తీరాలని పైన ఎవరో పట్టుబట్టారట. నీళ్ళ గొట్టం పక్కనే గోయి తవ్వి, దాని వెంట లాక్కొచ్చి, పంపు గది గోడకి ఒక పెట్టె బిగించారు. పెట్టె నుంచి అయిదు వీధులకి అయిదు తీగలు, తీగకో స్విచ్చి. బిగించిన ఇంజనీరు చెమట తుడుచుకుని, గుమిగూడిన జనంతో సంతోషంగా ఒక మాట అన్నాడు. అనకుండా వెళ్ళిపోయి ఉంటే ఎంత బాగుండేదో.

"ఈ లైను మీ ఊరందరికీ ఒకేసారి సరిపోతుందండీ. ఇంకా మిగులుతుంది కూడా."

జనం మొహమొహాలు చూసుకున్నారు. ఇదే మాట ఈ ఊరు ఇదివరకు మూడుసార్లు విన్నది. ట్యాంకు కట్టినప్పుడు విన్నది, రెండో బోరు వేసినప్పుడు విన్నది, ట్రాన్స్‌ఫార్మరు పెట్టినప్పుడు విన్నది. మూడుసార్లూ నమ్మి, మూడుసార్లూ ఖాళీ బిందెలతోనూ చీకటి ఇళ్ళతోనూ మిగిలింది.

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "ఎండాకాలంలో కూడా సరిపోతుందా?"

"ఇంటర్నెట్టుకి ఎండాకాలం ఏమిటండీ?" అన్నాడు ఇంజనీరు.

"చూశారా, సూటిగా జవాబు చెప్పడం లేదు," అంది దిగువ వీధి. నీళ్ళ విషయంలో గొట్టం చివర ఉండి ఎప్పుడూ నష్టపోయే వీధి అది. అనుభవం దానిది.

ఇంజనీరు తల పట్టుకుని బస్సెక్కాడు. అతను వెళ్ళిన గంటలో కమిటీ కూర్చుని తీర్మానం చేసింది: ఇంటర్నెట్టు కూడా వంతుల ప్రకారమే. వదిలేది ఎవరంటే వేరే పేరు ఎవరి నోటా రాలేదు. మధ్యాహ్నం రెండింటి నుంచి బడి వీధికి, మూడింటి నుంచి గిడ్డంగి వీధికి, నాలుగింటి నుంచి ఎగువ వీధికి, అయిదింటి నుంచి మధ్య వీధికి, ఆరింటి నుంచి దిగువ వీధికి. పొద్దున పూట కూడా ఇదే వరస. మిగతా వేళల్లో అన్నీ కట్టేసి ఉంచాలి, ఊట చేరాలి కదా! దిగువ వీధి తీగ పొడవెక్కువ కాబట్టి, తీగ నిండటానికి అయిదు నిమిషాలు అదనంగా ఇవ్వాలని ఆ వీధివాళ్ళు ఒంటికాలి మీద లేచారు. నీళ్ళకి ఇస్తున్నాం కనక ఇదీ న్యాయమేనని వంతులాయన ఒప్పుకున్నాడు.

ఇక ఆ ఊరి అవస్థ చూడాలి. ఈల మోగగానే వీధి వీధంతా ఒక్కసారిగా ఫోన్ల మీద పడేది. వంతు దాటితే మళ్ళీ వంతుదాకా దొరకదు గనక సినిమాలూ, పాటలూ, వంటల వీడియోలూ, ఎప్పుడో అవసరం పడొచ్చని పశువుల రోగాల మీద పాఠాలూ, కనపడినవన్నీ దింపి నింపుకునేవాళ్ళు. ఇంతమంది ఒకేసారి తోడితే ఏ లైనైనా నీరసపడుతుంది. నీరసపడగానే, "చాలదని చెప్పామా లేదా?" అని ఒకరినొకరు మెచ్చుకునేవాళ్ళు. గిడ్డంగి గుమాస్తా వైఫై పెట్టెని అటకెక్కించాడు, ఎత్తులో ఉంటే ధారగా దిగుతుందని. బడి వీధి సిగ్నలు గోడ దాటి తమ వంతు కాని వేళ పక్కింట్లోకి పోతోందని ఒకాయన పిట్టగోడని రెండడుగులు పెంచాడు. పొరుగు వీధివాడి ఫోను దొంగ వంతులో వెలుగుతోందని వంతులాయన దగ్గరికి రోజుకో ఫిర్యాదు. అతను ఈల మెడలో వేసుకుని, కళ్ళలో వత్తులేసుకుని, అన్నింటికీ న్యాయం చేసేవాడు. నిజం చెప్పాలంటే అతనికి ఇవి మంచిరోజులు. ఇన్నాళ్ళూ నీళ్ళకి మాత్రమే పెద్దమనిషి, ఇప్పుడు ఇంటర్నెట్టుకి కూడా అయ్యాడు.

ఆ అయిదింటి గంట టైలరుకి చాలింది. వీధంతా సినిమాలు తోడుకునే తొలి పావుగంట ఓపిక పడితే, ఆ తర్వాత లైను పరుగెత్తేది. నొక్కిన క్షణాన పేలేది. నెల తిరక్కుండా ఒక జట్టు ఆమెని పిలిచి చేర్చుకుంది. కెప్టెన్ ఎక్కడో పట్నంలో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి. ఇన్నేళ్ళ వృత్తిలో ఇలాంటి చూపు చూడలేదని, ఆమెని "సూది గారూ" అని పిలిచేవాడు. ఆమె వంతు అయిదింటికని తెలిసి ఆ జట్టంతా తమ సాధన అయిదుంపావుకి మార్చుకుంది. ఎక్కడెక్కడి మనుషులో, ఈ ఊరి ఈలకి లోబడ్డారు.

వంతులాయన అయిదింటికి మధ్య వీధి స్విచ్చి వేసి, టీకని ఇంటికి వచ్చేవాడు. ముందుగది గడప దగ్గర ఆగిపోయేవాడు. "ఎడమ చేతి గోడ వెనక ఒకడున్నాడు. మీరెవరూ కదలకండి, వాణ్ణి నేను చూసుకుంటా," అనే గొంతు వినిపించేది. తర్వాత నవ్వు. పెద్దగా, పగలబడి. ఆ గొంతూ ఆ నవ్వూ తన ఇంట్లో ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయో అతనికి అంతుపట్టలేదు. టీ తానే పెట్టుకుని, గ్లాసు చప్పుడు కాకుండా గోడవారన కూర్చుని తాగేవాడు. వినడం అతనికి ఎంతో ఇష్టమైపోయింది. ఆ సంగతి ఆమెకి చెప్పాలని మాత్రం తోచలేదు.

ఒక గురువారం ఆమె కాజాలు కుడుతూ, తలెత్తకుండా అడిగింది. "ఆదివారం నాలుగింటికి ఎవరి వంతండీ?"

"ఎగువ వీధిది. ఏం?"

"ఏం లేదు. మా జట్టు ఫైనల్‌కి వచ్చింది. నాలుగింటికట."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "వేళ మార్చమని అడగలేకపోయారా?"

"దేశం మొత్తానికి ఒకటే వేళ. మనకోసం మారుస్తారా? నేను ఆడకపోతే వేరే మనిషిని పెట్టుకోవాలి. ఆ మనిషే ఇక ఉండిపోతారు." దారం పంటితో తెంపింది. "పదో మెట్టు మీద కూర్చుని ఫైనల్ ఆడేది కాదు లెండి."

"నాలుగంటే మరి..."

"తెలుసులెండి."

ఆ "తెలుసులెండి" అతని గుండెల్లో మేకులా దిగింది. ఎందుకు దిగిందో వెంటనే తెలియలేదు. అరిచి ఉంటే, ఏడ్చి ఉంటే, ధర్మం చెప్పి తప్పించుకునేవాడు. ఆమె అడగనే లేదాయె.

మర్నాడు అతను ఎవరికీ చెప్పకుండా ప్రెసిడెంటు ఇంటికి వెళ్ళాడు. ఎగువ వీధిలో ఇంటర్నెట్టు పెట్టె ఉన్నవి నాలుగే ఇళ్ళు. ప్రెసిడెంటుగారి వంతు నాలుగు నుంచి అయిదు, ఆయన నిద్ర మూడున్నర నుంచి అయిదున్నర. పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతుంటే ఆయనకి నిద్ర బాగా పడుతుంది, అంతే దాని ఉపయోగం.

"ఒక్క ఆదివారానికి మీ గంట మధ్య వీధికి, వాళ్ళ గంట మీకు మారిస్తే..." అని నీళ్ళు నమిలాడు వంతులాయన.

ప్రెసిడెంటు పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. "నువ్వేనా ఈ మాటంటున్నది?"

"అయిదింటికి మీరు ఎలాగూ పడుకునే ఉంటారు కదండీ, దీపం అప్పుడూ వెలుగుతుంది."

"వాడుకుంటానో పడుకుంటానో నా ఇష్టం. నా వంతు నాది. ఇవాళ నేనిస్తే రేపు బడి వీధి అడుగుతుంది. అయినా మార్పులు కమిటీలో పెట్టాలి, కమిటీ వచ్చే నెల." తర్వాత లేచి వచ్చి, ప్రేమగా భుజం మీద చెయ్యి వేశాడు. "నీలాంటివాడు ఉండబట్టే ఈ ఊళ్ళో ఇంకా తలలు పగలడం లేదయ్యా. సొంత పెళ్ళానికే ఇవ్వలేదు నువ్వు!"

ఆ పొగడ్త మోసుకుంటూ అతను ఇంటికి వచ్చాడు. ఇంత బరువైన పొగడ్త ఇదివరకెప్పుడూ మోయలేదు.

ఆదివారం పంపు గదికి అరగంట ముందే వెళ్ళాడు. ఆమె మిషను ముందు కూర్చుని బడి చొక్కాలకి జేబులు వేస్తోంది. వెళ్ళొస్తానన్నాడు. ఊఁ అంది. దారిలో అతని కాళ్ళు రెండుసార్లు వెనక్కి తిరగబోయాయి. ఏమని చెప్పాలి? నీకోసం వేస్తున్నానని చెబితే ముప్పై ఏళ్ళ మాట మంటగలిసిపోతుంది. చెప్పకపోతేనేం, ఫైనల్ వేళకి ఫోను చేతిలో పట్టుకుని కూర్చోదా, దీపం వెలిగితే చూసుకోదా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

నాలుగయింది. ఎగువ వీధి స్విచ్చి వేసి ఈల ఊదాడు. చెయ్యి మధ్య వీధి స్విచ్చి దాకా వెళ్ళి ఆగింది. ఆ ఒక్కటీ వేస్తే అది దొంగతనం, అందులో అనుమానమే లేదు. అప్పుడు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అందరికీ ఇచ్చేస్తే ఎవరికీ ప్రత్యేకంగా ఇచ్చినట్టు కాదు కదా! తన తెలివికి తానే మురిసిపోయి, అయిదు స్విచ్చిలూ టపటపా వేసేశాడు. మిగతా వీధులకి ఈల ఊదలేదు. బకెట్టు బోర్లించుకుని కూర్చుని, లైను ఎప్పుడు కుప్పకూలుతుందా అని పెట్టెకేసి చూశాడు.

ఏమీ కూలలేదు. ఇరవై నిమిషాలపాటు ఆ ఊరికి పుష్కలంగా ఇంటర్నెట్టు ఉంది, ఆ సంగతి ఊరికి తెలీదు. వంతు కాని వేళ ఫోను చూసే అలవాటు ఎవరికుంది? ఆఖరికి దిగువ వీధిలో ఒక ముసలాయన జేబులో ఫోను టింగుమంది. ఆయన హడలిపోయి అరిచాడు. పక్కవాడు తన ఫోను తీశాడు. పావుగంటలో సగం ఊరు పంపు గది ముందుంది. సంతోషంతో వచ్చారనుకునేరు.

"మా ఆరింటి వంతులో ఇది కోసేస్తావా?" అంది దిగువ వీధి.

"మా మూడింటి వంతు అయిపోయింది కదా, ఇది ఎవరి ఖాతాలోది?" అన్నాడు గిడ్డంగి గుమాస్తా.

ప్రెసిడెంటు నిద్ర కళ్ళతో, చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకుని వచ్చాడు. "ఎవరు వేశారివన్నీ?"

"నేనే," అన్నాడు వంతులాయన.

"మీ ఇంట్లో ఏమైనా తగ్గిందాండీ?" అని గుంపులోంచి ఎవరో అడిగారు.

"తగ్గడం కాదయ్యా ఇక్కడ ప్రశ్న! నా వంతులో వీళ్ళందరూ ఎందుకున్నారు?"

ఆ ప్రశ్న అందరికీ సబబుగా తోచింది. తమ వంతులో కూడా రేపు ఇలాగే అందరూ ఉంటారేమోనని తోచింది. అందరికీ ఒకేసారి సరిపోయిందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ప్రెసిడెంటు స్విచ్చిలవైపు అడుగేశాడు. వంతులాయన గుమ్మానికి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ చాపాడు.

"నాలుగూ ముప్పావు దాకా ఎవరూ ముట్టుకోవద్దు. తర్వాత నన్ను ఏం చేసుకున్నా సరే."

ఆట నలభై నిమిషాలని అతనికి తెలుసు. గోడవారన కూర్చుని ఎన్నిసార్లు విన్నాడో. జనం తిట్టారు, అమ్ముడుపోయాడన్నారు, ముసలితనానికి మతి పోయిందన్నారు. అతనికి ఒక్క మాటా చెవిన పడలేదు. ఇప్పుడామె మేడ మీదికి ఎక్కి ఉంటుంది, ఇప్పుడు గోడ వెనకవాణ్ణి చూసుకుంటూ ఉంటుంది, ఇప్పుడు నవ్వుతూ ఉంటుంది అనుకుంటూ, పెదాల మీదికి వస్తున్న నవ్వుని ఆపుకోలేకపోయాడు. అది చూసి జనానికి ఇంకా ఒళ్ళు మండింది. ముప్పావయింది. తాళాలూ ఈలా తీసి ప్రెసిడెంటు చేతిలో పెట్టాడు. ప్రెసిడెంటు న్యాయంగా ఉండాలని అయిదు స్విచ్చిలూ ఆపేసి, కమిటీ కూర్చునేదాకా ఎవరికీ లేదని గదికి తాళం వేశాడు. జనం తృప్తిగా ఇళ్ళకి వెళ్ళారు.

వంతులాయన ఇంటికి దాదాపు పరిగెత్తాడు. మెడ తేలిగ్గా ఉంది. గడప దగ్గరికి వచ్చేసరికి మిషను చప్పుడు వినిపించింది. ఆమె చొక్కాలకి జేబులు వేస్తోంది. అతను వెళ్ళేటప్పటికి చిన్నగా ఉన్న కుట్టిన చొక్కాల దొంతర ఇప్పుడు ఆమె భుజం ఎత్తుకి వచ్చింది.

"గెలిచారా?" అన్నాడు రొప్పుతూ.

"ఎవరు?"

"ఆట... ఫైనల్..."

ఆమె పాదం తొక్కడం ఆపింది. "నాలుగింటికి మన వంతు కాదుగా. నిన్న సాయంత్రమే చెప్పేశాను వాళ్ళకి, వేరే మనిషిని చూసుకోమని. ఎవరో దొరికారట." చొక్కా తిప్పి, రెండో జేబు పెట్టి, గుండుసూది గుచ్చింది. "కెప్టెన్ పాపం చాలా బతిమాలాడు. ఆ వదిలే మనిషెవరో ఆయన్ని ఒక్కసారి అడిగి చూడండి సూది గారూ అన్నాడు. ఆ మనిషి నాకు బాగా తెలుసు, లాభం లేదని చెప్పాను."

అతను గడప దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. "ఇవాళ లైను వచ్చింది. నాలుగింటికి."

"అవునట. నాలుగున్నరకి పక్కింటావిడ వచ్చి చెప్పింది. అప్పటికి ఆట సగం పైనే అయిపోయింది. స్విచ్చి చెడిపోయి ఉంటుందనుకున్నాను."

"చెడిపోలేదు. నేనే వేశాను."

ఆమె మొదటిసారి తలెత్తి అతన్ని చూసింది. ఈల లేని మెడ చూసింది. చెమట చూసింది. మొహంలో ఏదో వెలిగింది, వెలిగిన వెంటనే దాన్ని తానే ఆర్పేసుకుంది.

"మీరా? నాకోసమా?"

"అన్ని వీధులకీ వేశాను," అన్నాడు. జీవితమంతా నిజమే చెప్పిన మనిషి కదా, ఇక్కడ కూడా నిజమే చెప్పాడు.

"వెళ్ళేముందు ఇక్కడ నిలబడి వెళ్ళొస్తానన్నారు. అప్పుడైనా ఒక్క మాట ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే... చెబితే నీకోసం వేసినట్టవుతుంది కదా."

ఊరందరూ వింటే మెచ్చుకునే జవాబే అది. ఆ గదిలో వినడానికి ఆమె ఒక్కతే ఉంది.

"అవును," అంది ఆమె. "అయ్యేది."

చొక్కా మళ్ళీ సూది కిందికి జరుపుకుని, మిషను తొక్కడం మొదలుపెట్టింది.